ఖాళీ బండి ఒకసారి ఆపు

బావకి,

నేను ఉత్తరం రాయడమేంటని నవ్వకు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటావు, ఇంకేం చెయ్యను?

మన ఊరికి అన్నీ వచ్చేశాయి. సముద్రం దాకా తారురోడ్డు, వీధిలైట్లు, రేవు పక్కన ఆసుపత్రి. దానికో అంబులెన్సు, దానికి డ్రైవరుగా తమరు! ఆ తెల్లచొక్కాలో పెళ్లినాటి కంటే బాగున్నావులే. చెల్లి పోయాకే వచ్చాయి ఇవన్నీ. ఆ రోజు నువ్వు సముద్రం మీద ఉన్నావు. పట్నం నుంచి బండి వస్తుందని నాన్న సాయంత్రం దాకా రోడ్డు మీద నిలబడ్డాడు. రాలేదు.

ఇప్పుడు నాన్నకి మతి నిలకడగా లేదు. నీ సైరన్ వినపడితే చాలు, వీధిలోకి పరిగెత్తి, "ఇటు బాబూ, ఇటు! అమ్మాయి లోపలే ఉంది" అని చేతులూపుతాడు. వెనకాల పేషెంటుని పెట్టుకుని నువ్వెలా ఆపుతావు? నిన్ననడం లేదు. నువ్వెళ్లిపోయాక ఆయన నా వైపు తిరిగి, "లోపలున్న అమ్మాయికేం చెప్పమంటావురా?" అంటాడు. ఊరందరికీ మాటకి మాట అప్పజెప్పే నేను, ఇంకో బండి వస్తుందని చెప్పి ఆయన్ని లోపలికి తీసుకొస్తాను.

అందుకని, ఒకసారి ఖాళీగా వచ్చేటప్పుడు మా గుమ్మం ముందు ఆపు. నేను గోడవైపు తిరిగి, చెల్లి దుప్పటి కప్పుకుని పడుకుంటాను. నువ్వూ నీ తోటివాడూ నన్ను స్ట్రెచర్ మీద మోసుకెళ్లండి. కూతురు వేళకి ఆసుపత్రికి వెళ్లిందని ఆయనకి అనిపిస్తే చాలు.

నా ఒళ్లు నీకు తెలుసుగా. ఎత్తేటప్పుడు బరువైనట్టు మొహం పెట్టకు. జ్వరంలో చెల్లి ఎంత తేలికైపోయిందో నాన్న ఇంకా మర్చిపోలేదు.

నీ బావమరిది