సర్వరుకు వేసిన సాంబ్రాణి

శుక్రవారం, కొత్తపేట

వారం నుంచి మా రైసుమిల్లు సర్వరు వేడెక్కి ఆగిపోతోంది. బాగుచెయ్యడానికి అమలాపురం నుంచి వస్తున్న సుజాతను ఇవాళ కూలీలందరి ముందూ కడిగేశాను.

"వైర్లు మార్చేవు, సెట్టింగులు మార్చేవు. పని రాకపోతే రాదని చెప్పవే!"

"ఆయ్, ఒక్కసారి పెట్టె విప్పి చూస్తానండి," అంది.

లోపల ఫ్యాను నిండా సాంబ్రాణి మసి, బూడిద. శుక్రవారం శుక్రవారం మోటార్లతో పాటు దానికీ దగ్గర పెట్టి ధూపం వేసేది నేనే.

ఏమైందని మా అబ్బాయి అడిగితే, "దుమ్మండి," అని తుడిచేసింది. వెళ్తూ నా పక్కకొచ్చి, "తాతగారూ, ధూపం గుమ్మం దగ్గర వేయండి, చాలు," అంది మెల్లగా.

కూలీలు ఆ పిల్లకే పని రాదనుకుంటున్నారు. రేపు నేనే చెప్పాలి. నోరు వస్తుందో రాదో.