ఆమని కారు పూజ

తమ్ముడు వంశీధర్‌కు పెద్దక్క ఆశీస్సులు.

ఫోన్ చేస్తే నీ బిడ్డ ఆమని పక్కనే ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను. శుక్రవారం దాని కొత్త కారుకు పూజ చేయడానికి నేను రాను. కోపం కాదు, భయం.

మొన్న మా ఊరు బోథ్ వచ్చినప్పుడు అది నాతో ఫోన్‌లో చిన్న కార్ల పందెం ఆడించింది. ఈ ఆటలో అంత గొప్పేముందని అడిగాను.

"మలుపుల బ్రేకెయ్యొద్దు అత్తా, జారనియ్యాలె. జారితేనే స్పీడ్ పెరుగుతది. లోయల పడ్డా ఫికర్ లేదు, కొంగొచ్చి ఎత్తి మళ్ల రోడ్డు మీద పెడ్తది. గందుకే గిది మస్తు ఆట!"

నేను నాలుగుసార్లు పడ్డాను. నాలుగుసార్లూ కొంగ వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు నీ కారులో నన్ను నిర్మల్ తీసుకెళ్లింది. ఘాట్ మలుపులో దాని కాలు బ్రేకు మీదికి పోలేదు. పక్కన లోయ. హనుమంతుణ్ణి తలచుకుని కళ్లు మూసుకున్నాను. బండి జారుకుంటూ పోయి అంచున నిలిచింది.

"చూసినవా అత్తా, ఎట్ల జారిందో!" అని నవ్వింది.

చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు దేవుడి ముందు ఉంచాను. నువ్వు పక్కన కూర్చుని చూడు, అది ప్రతి మలుపులో బ్రేకు తొక్కిన రోజు తెస్తాను. అప్పటిదాకా తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. నా దగ్గర నిమ్మకాయలే ఉన్నాయి తమ్ముడూ, కొంగ లేదు.

పెద్దక్క