పెట్టెలో పట్టని చరణాలు

ఆర్హుస్, ఏప్రిల్

ప్రియమైన జెప్పెకి,

అమ్మానాన్నల యాభయ్యేళ్ల పెళ్లిరోజు విందులో అందరం పాడటానికి నువ్వు కూర్చిన పాటల పుస్తకం నమూనా అందింది. అట్ట బాగుంది. లోపల చూశాక ఒళ్లు మండింది. నా పాటలో చివరి మూడు చరణాలు ఏవిరా? మన తమ్ముడు ఆస్గర్ మీద రాసినవి. వాడు పడవతో పాటు సముద్రంలో పోయి ఇరవయ్యేళ్లయింది, ఆ ఇంట్లో వాడి పేరెత్తేవాళ్లు లేరు. పాటలోనైనా ఉంటాడనుకుంటే, అదీ నీకు కంట్లో నలుసైందా?

నీ అక్క,
తోరా

ఆల్బోర్గ్

ప్రియమైన అక్కకి,

ముందు నిప్పులు చెరగడం ఆపు. కాగితాన్ని మధ్యకు మడిచి పిన్ను కొడతాం కాబట్టి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఎనిమిది దాటితే పన్నెండే. నీ చరణాలకి ఒకటి పోయినా మూడు పేజీలు బోసిగా మిగులుతాయి. చూసి అందరూ నవ్వుతారు. చోటు లేదు, అంతే. ప్రెస్సు నడిపేవాడికి పని నేర్పకు.

నీ తమ్ముడు,
జెప్పె

ఆర్హుస్

జెప్పె,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నమూనాతో పాటు నువ్వు పంపిన కంప్యూటర్ ఫైలుని మా స్కూల్లో తెరిచాను. తెర మీద పాట చుట్టూ ఉన్న గీతల పెట్టె మూలన చిన్న ఎర్ర కూడిక గుర్తు కనబడింది. మా లైబ్రరీ ఆమెని అడిగితే, "లోపల ఇంకా రాత ఉంది తోరా, పెట్టె చాలక బయటికి రావట్లేదు" అంది. పెట్టెని కిందికి లాగాను. మూడు చరణాలూ అక్కడే ఉన్నాయి. తీసేసే ధైర్యమూ లేదు, చూపించే ధైర్యమూ లేదు నీకు. పైగా నాన్న ట్రాక్టరు ఫొటోకి నిండు పేజీ ఇచ్చావు. ట్రాక్టరుకున్న చోటు తమ్ముడికి లేకపోయిందా? ఆస్గర్ లేని పాట పాడటానికి ఆ విందుకి నేను రాను. నా కుర్చీ తీయించెయ్.

తోరా

ఆల్బోర్గ్, మే

అక్కా,

అన్నంత పనీ చేశావు. పెళ్లిరోజు పొద్దున్నే ఇరుగుపొరుగు వచ్చి గుమ్మానికి ఆకుల తోరణం కట్టి పాడుతుంటే, అమ్మ నీకోసం రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. దానికి నీ మీద నాకింకా మండుతూనే ఉంది.

చోటు లేదన్నది అబద్ధం. ఆ చరణాలు వద్దన్నది నాన్న. "మీ అమ్మ తట్టుకోలేదురా, తీసెయ్" అని ఫోన్ చేశారు. చెరపడానికి చేతులు రాక అలా వదిలేశాను. నీ ఉత్తరం చదివాక కోపంతోనే పన్నెండు పేజీలు చేశాను. చరణాలకి ఒకటి, మిగిలిన మూడూ ఖాళీ.

విందులో ఆనవాయితీ ప్రకారం అందరం కుర్చీలెక్కి నిలబడి పాడుతుంటే ఆ పేజీ వచ్చింది. నాన్న ఆగిపోయారు. అమ్మ ఆగలేదు. ఆస్గర్ పేరు దగ్గర గొంతు పెంచి మరీ పాడింది. పాట అయ్యాక నాన్న వైపు తిరిగి, "నేను తట్టుకోలేనని నీకెవరు చెప్పారయ్యా? ఇన్నేళ్లూ నీకోసం నోరు మూసుకున్నాను" అంది.

నాన్న తన ప్లేటు పక్కకి జరిపి, పెన్ను అడిగారు. ఖాళీ పేజీలో ఏదో రాసి పక్కవాళ్లకిచ్చారు. ఆ పుస్తకం బల్ల చుట్టూ తిరిగింది. వాడు దొంగిలించిన చెర్రీలు, వాడి ఈల, చర్చిలో వాడు పడిన నిద్ర, అన్నీ కలిపి రెండు పేజీలు నిండాయి. మూడోదాన్ని నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "అది తోరాది" అన్నారు.

ఆయన ఏం రాశారో నేను చెప్పను. పుస్తకం లేసో దీవిలో మన ఇంట్లో, అమ్మ దగ్గరుంది. పడవెక్కి వెళ్లి చదువుకో. పెన్ను తీసుకెళ్లు.

నీ తమ్ముడు,
జెప్పె