నూరేళ్ల జామాయిల్

జెద్దా, మార్చి 2006

ప్రియమైన అత్తయ్యకి,

జెస్సీ వందనాలు. ఒంట్లో బాగానే ఉంది. ఈ ఉత్తరం మీకు మాత్రమే.

మా వార్డులో మార్గరెట్ అని ఆస్ట్రేలియా నర్సు ఉంది. నిన్న తన ఊరి అడవి ఫొటోలు చూపించింది. ఎప్పుడూ వాన, పొగమంచు. ఆ చెట్లు మన జామాయిల్ జాతివేనంటే నవ్వాను. మనం నాలుగేళ్లకే నరికి పేపరు మిల్లుకి తోలేస్తాం కదా. అక్కడ ఒక్కో మాను చుట్టూ పదిమంది చేతులు పట్టుకుని నిలబడాలట. మూడు నాలుగు వందల ఏళ్లు బతుకుతాయట. మీ చెట్లు ముసలివైతే ఎలా ఉంటాయని అడిగింది. ఏం చెప్పను, మనం ముసలికానిస్తేగా!

నూరేళ్లు దాటాకే వాటికి తొర్రలు పడతాయట. గుడ్లగూబలూ, గాల్లో తేలే ఉడతల్లాంటివీ అందులోనే పిల్లల్ని పెడతాయట. నరికి మళ్లీ నాటితే అడవి పచ్చగానే ఉంటుంది గానీ వాటికి ఇల్లుండదు అంది. నాకు ఏడుపొచ్చేసింది. నా జీతంతో మన ఇల్లూ పచ్చగానే ఉంది అత్తయ్యా. అందులో నాకే చోటు లేదు.

కిందటి సెలవుల్లో ఏంజెల్‌కి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేశాను. తోసేసి మీ పక్కలో దూరింది. ఇక్కడ ఎంతమంది రోగులు నా చెయ్యి కోసం చూస్తారో. కన్నకూతురికి అక్కర్లేకపోయింది. ఇంట్లో పరాయిదానిలా ఉండడం కన్నా మళ్లీ రెండేళ్ల కాంట్రాక్టుకి సంతకం పెట్టడమే నయమనిపిస్తోంది. ఏప్రిల్ నెలాఖరు దాకా గడువుంది. మీ అబ్బాయికి జీతం కోసమని చెప్పండి. ఏంజెల్‌కి మాత్రం ఏమీ చెప్పకండి. పాస్టరమ్మ గారి చేత చదివించుకుని చింపేయండి.

మీ కోడలు,
జెస్సీ

చినగంజాం, మార్చి 2006

అమ్మకి,

ఏంజెల్ రాస్తున్నాను. పాస్టరమ్మ గారు ఊరెళ్లారు. నాయనమ్మ ఆగలేక నాచేత చదివించుకుంది. అంత లావు జామాయిల్ అంటే నమ్మలేదు, మీ అమ్మ నన్ను ఆటపట్టిస్తోంది అంది. తర్వాత నాకు చెప్పవద్దన్నవన్నీ వచ్చాయి. ఆపకుండా చదివేశాను. నాయనమ్మ ఏడ్చింది.

నువ్వంటే ఇష్టం లేక చెయ్యి తొయ్యలేదు. అంతకుముందు వచ్చినప్పుడు రోజూ నీ పక్కలోనే పడుకున్నాను. నువ్వెళ్లాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. మళ్లీ అలవాటు కాకూడదనుకున్నాను. ఈ సంగతి నాయనమ్మకి కూడా చెప్పలేదు.

నాయనమ్మ రాయమన్న మాట ఇది: "నీ ఇంట్లో నీకు చోటు లేదని ఎవరన్నారే? సంతకం పెట్టమాక. జీతం సంగతి నా కొడుకు ఎరిక్‌గాడితో నే మాట్లాడతా. వచ్చెయ్యి."

నాన్నకి కూడా నేనే చదివి వినిపించాను. నువ్వు పూర్తిగా వచ్చెయ్యడానికి ఎగ్జిట్ వీసా ఎప్పుడు కొడతారో కనుక్కుని రాయమన్నాడు.

అమ్మా, ఈసారి ఎన్నాళ్లుంటావో ముందే చెప్పు. ఉండిపోయేదానివైతే మొదటి రోజే నీ దగ్గర పడుకుంటాను.

నీ కూతురు,
ఏంజెల్