నాన్నకీ ఒక టిక్కెట్టు

జయపాల్, నువ్వు ఇంటికి చేరేసరికి నేను స్కూల్లో ఉంటాను. నాన్నకి అన్నం పెట్టి, తిన్నాక బీపీ మాత్ర ఇవ్వు.

ఆదివారం మ్యూజియంగా మార్చిన జమీందారు దివాణం, దాని తోటలు చూడ్డానికి మన నలుగురికీ టిక్కెట్లు తీశానని రాత్రి ఫోన్లో చెప్పావు కదా. నాన్న పొద్దున్నే పాత కత్తెరకి సాన పట్టించుకొచ్చారు, తోటపనికి మళ్ళీ పిలిచారనుకుని. చూడ్డానికేనని చెప్పాను. "అయితే నేను వెనక గేటు దగ్గర కూర్చుంటానమ్మా, మీరు వెళ్ళి రండి" అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ తోట పెంచిన మనిషి ముందు గేటులోంచి ఒక్కసారీ వెళ్ళలేదంట. టిక్కెట్లు తీసేముందు ఆయన్ని ఒక్క మాట అడగాల్సింది నువ్వు. ఇప్పుడైనా ఆయన మాటలకి నవ్వకుండా మాట్లాడు.

అక్క

కొత్త చెప్పులు మంచం కింద ఉన్నాయి. "దివాణంలో చెప్పులేంటమ్మా?" అని విప్పేశారు. ఆదివారం నువ్వే తొడుగు, ఆ ముందు గేటు దగ్గరే.