పిస్తోలుకు నికెల్ పూత పూయించిన మా బావమరిది గురించి

టాల్‌మేజ్ కౌంటీ షెరీఫ్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శ్రీమతి ఆర్డిస్ క్వామెన్ గారి పచ్చిక బయలులో మా బావమరిది డ్వైట్ కీలర్ ఇకమీదట అడుగు పెట్టరాదని నోటీసు జారీ చేసి, దానిని అతనికి నలుగురి ఎదుట అందజేయవలసిందిగా కోరుట.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఈ కౌంటీ ఉన్నత పాఠశాలలో పిల్లలకు బ్యాండు నేర్పి రిటైరైనవాడను. తమరి పెద్దమ్మాయికి క్లారినెట్ నేర్పినది నేనే. ఈ అర్జీకి దానితో సంబంధం లేదు గనుక ఆ ప్రసక్తి ఎత్తడం లేదు.

1. గత వసంతంలో నేను జీవితంలో మొదటిసారి ఒక పిస్తోలు కొన్నాను. వేట తుపాకులు మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నాయి. ఇది వేరు. 1918లో తయారైన కోల్ట్, సైన్యం వాడిన 1911 నమూనా. ఒక తూటా పేలగానే ఖాళీ తొడుగును తనే బయటికి విసిరి, తరువాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది. ఆర్డిస్ గారి మామగారు దీనిని మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వెంట తెచ్చుకున్నారు. ఆయన తరువాత ఆమె భర్త హార్లన్ గారి చేతికి వచ్చింది.

డ్వైట్ దాని మీద ఏనాటి నుంచో కన్నేశాడు. హార్లన్ గారి అంత్యక్రియల భోజనంలో, చేతిలో పందిమాంసం ముక్కల పళ్లెం పట్టుకునే, ఆమె దగ్గరికి వెళ్లి ధర అడిగాడు. ఆమె మొహం తిప్పుకున్నారు. మంచు కరిగాక నాకు కబురు చేశారు. "ఆయన సమాధి దగ్గర వీడ్కోలు బూర ఊదినవాడివి నువ్వు. బేరమాడినవాడు వాడు. నువ్వు తీసుకో నాయనా," అన్నారు. ఆమె చెప్పిన ధర నేను ఇచ్చాను. అప్పుడప్పుడు తెచ్చి ఒకసారి తన చేతిలో పెట్టాలన్నది ఒక్కటే షరతు. ఆమెకు ఇప్పుడు చూపు దాదాపు లేదని తమకు తెలిసినదే.

2. ఆ పిస్తోలు వల్ల నేను పొందిన సంతోషాన్ని కూడా రికార్డులో చేర్చవలసిందిగా ప్రార్థన. అది లేకుండా నష్టం ఎంతో తమకు బోధపడదు. తుప్పు పట్టకుండా ఉక్కుకు పట్టించిన నీలి రంగు అంచుల్లో అరిగిపోయి, పండిన రేగుపండు రంగుకు తిరిగింది. పిడి ముందు భాగంలో తండ్రీకొడుకుల వేళ్లు పట్టిన చోట ఉక్కు బయటపడింది. పిడికి ఇరువైపులా వాల్‌నట్ చెక్కలు. పిడి అడుగున ఉక్కు మీద ముసలాయన, అంటే ఆర్డిస్ గారి మామగారు, మేకుతో గీసుకున్న రెండు పొడి అక్షరాలు. మొదటిసారి వంటింటి బల్ల మీద దాన్ని విప్పుతుండగా, గొట్టం కింది స్ప్రింగు మూత చేతిలోంచి ఎగిరి, దీపానికి తగిలి, నా భార్య మావిస్ కలుపుతున్న రొట్టె పిండిలో పడింది. "ఇంకోసారి నా పిండిలో ఇనుము పడిందంటే, నువ్వూ అదీ కొట్టంలో పడుకోండి," అంది మావిస్. అలా అంటూనే పిండిలో వేళ్లు పెట్టి వెతికి ఇచ్చింది.

క్వామెన్ గారి పచ్చికలో మట్టికట్ట ముందు మా తుపాకుల క్లబ్బు వాళ్లు గురి కోసం ఇనుప పళ్లెం వేలాడదీస్తారు. మొదట్లో నా తూటాలన్నీ మట్టిలోకే పోయేవి. ఎండాకాలం వచ్చేసరికి పళ్లెం మోగడం మొదలైంది. జీవితమంతా పిల్లల అపస్వరాలు విన్న చెవులివి. సరిగ్గా కొట్టిన ప్రతిసారీ ఒకే స్వరం పలికే వాద్యం నాకు అరవై దాటాక దొరికింది.

3. డ్వైట్ ఆ క్లబ్బుకు అధ్యక్షుడు. కొత్తగా చేరినవారికి ప్రతి ఏడూ అతడు చెప్పే మొదటి మాట, పాత పిస్తోలు మీది అసలు రంగు ముట్టుకోకూడదని, అది పోతే దాని విలువే పోతుందని, ముట్టుకున్నవాడి వేళ్లు విరగ్గొట్టాలని. ఈ మాట నేను స్వయంగా విన్నాను. కాబట్టి తెలియక చేశాడన్న వాదన చెల్లదు.

అటువంటివాడు జూలైలో నా దగ్గరికి వచ్చి, "బావా, ట్రిగ్గర్ కాస్త గరుగ్గా ఉంది. ఇటివ్వు, నున్నగా చేసి తెస్తా," అన్నాడు. భార్య తమ్ముడు. ఇచ్చాను.

4. చర్చిలో ఆదివారం అట్ల ఫలహారం నడుస్తుండగా, ఎర్ర గుడ్డలో చుట్టి తెచ్చి అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. విప్పాను. అద్దంలా మెరుస్తున్న నికెల్. అందులో నా ముక్కు నాకు కనబడింది. వాల్‌నట్ చెక్కలు లేవు. వాటి స్థానంలో ముత్యపు చిప్పలా కనబడే ప్లాస్టిక్. పూతకు ముందు సానపట్టించినందువల్ల ముసలాయన పొడి అక్షరాలు కూడా పోయాయి. చెక్కలేవని అడిగాను. పొయ్యిలో వేశానన్నాడు.

"ముసలిదైపోయింది బావా. పెళ్లికూతుర్ని చేసి తెచ్చా, చూడు."

జనం చప్పట్లు కొట్టారు. అయ్యా, నేను అతనికి థాంక్స్ చెప్పాను. 

5. మరునాడు తమ కార్యాలయానికి వచ్చి ఫిర్యాదు ఇవ్వబోగా, కౌంటరు దగ్గరి అబ్బాయి నవ్వి, ఇనుము మెరిపిస్తే కేసు ఏమవుతుంది సార్, నా బండి కూడా ఇస్తాను మెరిపించమనండి అని చెప్పాడు. అతడు నా దగ్గర ట్రాంబోన్ నేర్చుకున్నవాడు. అప్పుడూ ఇంతే, తాళం అందేది కాదు.

6. ఇచ్చిన మాట ప్రకారం పోయిన మంగళవారం పిస్తోలును ఖాళీ చేసి, ఆర్డిస్ గారి దగ్గరికి తీసుకువెళ్లాను. ముందే చెప్పేద్దామనుకుంటూనే చేతిలో పెట్టాను. ఆమె బొటనవేలు పిడి మీద తిరిగింది, అడుగున అక్షరాలుండే చోట ఆగింది, మళ్లీ తిరిగింది.

"ఇది మాది కాదు నాయనా. పొరపాటున ఎవరిదో తెచ్చావు," అన్నారు.

జరిగినదంతా చెప్పాను. ఆమె పిస్తోలును ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. తరువాత, వాడు కాల్చుకునేది మన పచ్చికలోనే కదా అని అడిగారు. అవునన్నాను. ఆ నేల కాగితాల ప్రకారం ఆమెది. హార్లన్ గారు నోటిమాటగా ఇచ్చిన అనుమతి మీదనే క్లబ్బు నడుస్తోంది. "మిగతావాళ్లు రావచ్చు. వాడు రాకూడదు. షెరీఫుకు నువ్వే రాయి, సంతకం నేను చేస్తా," అన్నారు. ఆమె సంతకం దీనితో జతపరచడమైనది. అది గీత దాటి పోయింది గాని, ఆమెదే.

7. కనుక తమరిని ప్రార్థించునది:

(అ) సదరు నోటీసును డ్వైట్ ఇంటికి పంపరాదు. ఈ శనివారం క్లబ్బు వార్షిక గురి పోటీ రోజున, పచ్చికలో, అందరూ చేరిన తరువాత అందజేయాలి.

(ఆ) అతడు భద్రతా నియమాలు చదివి ముగించేదాకా ఆగాలి. నియమాలు అందరూ వినవలసినవి.

(ఇ) నోటీసును తమరు బిగ్గరగా చదవాలి. వెనక వరుసవారికి వినబడకపోతే మళ్లీ చదవాలి.

(ఈ) పిమ్మట అతనిని గేటు దాకా నడిపించాలి. బండి ఎక్కించరాదు. ఆ దారిలో పశువుల పేడ ఉంటుంది. దానిని ఎవరూ ముందుగా ఎత్తకుండా చూడాలి.

నేను చేయి చేసుకునే మనిషిని కాను. అతడు నడిచినంతసేపూ ఒక్క మాట అననని హామీ ఇస్తున్నాను. చూస్తూ ఉంటాను, అంతే. ఆర్డిస్ గారిని కూడా తీసుకువచ్చి కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఆమెకు కనబడదు గనుక, అతడు ఎంతవరకు పోయాడో పక్కన నిలబడి చెబుతాను.

ఇందలి న్యాయమును చిత్తగించవలెను. శనివారం దాటనీయకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓరిన్ స్టెన్‌బర్గ్

తా.క.: ఈ కవరు అంటించే లోపల డ్వైట్ మా ఇంటికి వచ్చాడు. సంగతి మావిస్ చెప్పేసినట్టుంది. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కోప్పడదామని లేచాను.

"ఏళ్ల తరబడి అడిగాను బావా ఆవిణ్ని. మొహం కూడా చూడలేదు. నీకు పిలిచి ఇచ్చింది. కడుపు మండింది. నాది కానిది నీదీ కాకూడదనిపించింది. పొయ్యిలో ఆ చెక్కలు వేశాక, చెయ్యి పెట్టి మళ్లీ తీద్దామని చూశా. అంటుకుపోయాయి."

అరచెయ్యి చూపించాడు. కాలిన మచ్చ ఉంది. మావిస్ కాఫీ ఇచ్చింది. తాగి, నోటీసు ఆపమని కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

షెరీఫ్ గారూ, నాకు వాడి మీద జాలి మొదలైంది. శనివారం దాకా ఆగడం కుదిరేలా లేదు. ఇది ముదరక ముందే, వీలైతే రేపే, ఆ నోటీసు ఇచ్చేయండి. బిగ్గరగా చదవడం మాత్రం మానకండి.