పటంలో పేరులేని పెట్టె

త్సాయి అక్కకు,

మీ మోకాలి నొప్పి తగ్గిందా? మన తైనాన్ ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలను అదే వెతికి పటం గీస్తుంది. వెతకాల్సిన పరిధిలో పాత భవనాన్ని కూడా చేర్చాను. పటంలో ఎవరికీ తెలియని పెట్టె ఒకటి తేలింది.

"ఎవడో దొంగచాటుగా తగిలించాడు. ముందు వైరు పీకెయ్" అన్నారు గావ్ డైరెక్టర్.

"చూసొచ్చి పీకుతాను సార్" అని వైరు వెంట వెళ్లాను. పాత భవనం వెనక మెట్లు దిగితే, లాండ్రీ వెనక గదిలో, మీరు పొందికగా కట్టిన వైర్ల మధ్య పాత నెట్‌వర్క్ స్విచ్ పెట్టె కనబడింది. వృద్ధుల వార్డులో నర్సును పిలిచే గంటలన్నీ దాని మీదే నడుస్తున్నాయి. పీకి ఉంటే ఒక్కటీ మోగేది కాదు. ఇన్నేళ్లూ అది మొరాయించలేదంటే మీ పనితనమే.

యంత్రం మొండికేయకుండా మనం పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం దాని మీదే ఉంది. "గడువు దాటిన పొట్లం పెడితే యంత్రం అలుగుతుందే" అని మీరు కోప్పడేవారు కదా, అందుకని తేదీ చూశాను. వచ్చే ఏడాది దాకా ఉంది.

మీరు రిటైరై ఆరేళ్లయింది.

డైరెక్టర్‌కు పొట్లం సంగతి చెప్పలేదు. పటంలో ఆ పెట్టెకు మీ పేరు పెట్టాను. ఇకమీదట ఆ మోకాలితో వెనక మెట్లు దిగకండి. పొట్లం మార్చాలంటే ఫోన్ చేయండి, లిఫ్టులో నేనే తీసుకెళ్తాను.